సహబహిర్గతత్వం, సహప్రాబల్యం: గోదావరి డెల్టా ఉదాహరణలతో రెండింటినీ గుర్తించే పద్ధతి

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివిన వారికి సహబహిర్గతత్వం అనగానే ఎబి రక్తవర్గం గుర్తుకొస్తుంది. అదే విద్యార్థి డిగ్రీలో చేరి, కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవికి క్షేత్రపర్యటనకు వెళ్లి, అక్కడ ఎవరో "ఈ చోట నల్లమడ, తిల్ల రెండూ కోడామినెంట్" అని చెప్పగా విని, రక్తవర్గం పాఠంలో నేర్చుకున్న అర్థాన్నే చెట్లకూ అతికించబోయి తికమకపడతాడు. ఇంగ్లీషులో రెండు శాస్త్రాలూ ఒకే మాటను వాడుకోవడమే ఈ తికమకకు మూలం. మన పాఠ్యపుస్తకాలు మాత్రం జన్యుశాస్త్రానికి బహిర్గతత్వం అనే మాటను ఎంచుకున్నాయి. బహిర్గతం కావడమంటే బయటపడడం. అందులో బలాబలాల ప్రసక్తి లేదు. జీవావరణశాస్త్రంలో చెప్పేదానికి ప్రాబల్యం అన్న మాట సరిపోతుంది. అక్కడ ఉన్నది అచ్చంగా పైచేయి వ్యవహారమే. అందుకే ఈ మార్గదర్శిలో, ఒకే ప్రాణిలో ఒక జన్యువు రెండు రూపాలూ దేనికదే బయటపడడాన్ని సహబహిర్గతత్వం అని, ఒక చోట రెండు మూడు జాతులు దాదాపు సమానంగా పైచేయి సాధించడాన్ని సహప్రాబల్యం అని విడివిడిగా పిలుస్తాను.

మొదటి మెట్టు: ప్రశ్న దేని గురించో తేల్చుకోవడం

మీ ముందున్న ప్రశ్న ఒక ప్రాణి గురించా, ఒక చోటు గురించా అని ముందుగా చూడండి. ఒక మనిషిలోనో, ఒక వరి దుబ్బులోనో, ఒకే జన్యువుకు చెందిన రెండు వేర్వేరు రూపాలు, అంటే యుగ్మవికల్పాలు, కలిసి ఉన్నప్పుడు ఏది బయటపడుతుందని అడిగితే అది జన్యుశాస్త్రపు ప్రశ్న. ఒక లంకలోనో, ఒక మడ తిప్పలోనో పెరిగే అనేక జాతుల్లో నేలను, వెలుతురును ఎవరు ఎక్కువగా ఆక్రమించారని అడిగితే అది జీవావరణశాస్త్రపు ప్రశ్న.

ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడవని తెలుసుకోవడానికి ఓ (O) రక్తవర్గం ఒక్కటి చాలు. ఓ యుగ్మవికల్పం ఎ ముందూ, బి ముందూ అంతర్గతంగానే, అంటే బయటపడకుండానే, ఉండిపోతుంది. అయినా మన దేశంలో ఓ రక్తం వారు కోకొల్లలు. బయటపడే గుణం ఉన్నంత మాత్రాన ఒక యుగ్మవికల్పం జనాభాలో పెరిగిపోదు, లేనంత మాత్రాన తరిగిపోదు. దీన్ని నమ్మడానికి మా విద్యార్థులు ఏటా మొరాయిస్తారు. "బహిర్గతం" అని చదివిన తరువాత కూడా వారి మనసులో "బలమైనది" అనే ఇంగ్లీషు నీడ తొలగదు.

రెండో మెట్టు: గాజు పలక మీద సహబహిర్గతత్వాన్ని కళ్లారా చూడడం

అమలాపురంలోనైనా భీమవరంలోనైనా రక్తదాన శిబిరం జరిగినప్పుడు, పరీక్ష చేసే టెక్నీషియన్ అనుమతి తీసుకుని ఆ బల్ల దగ్గర ఒక పావుగంట నిలబడండి. తెల్లని పలక మీద మూడు చోట్ల మీ రక్తపు చుక్కలు పెట్టి, మొదటి దాని పక్కన నీలిరంగు యాంటీ-ఎ ద్రవాన్ని, రెండో దాని పక్కన పసుపురంగు యాంటీ-బి ద్రవాన్ని, మూడో దాని పక్కన రంగులేని యాంటీ-డి ద్రవాన్ని వేసి, ఒక్కొక్కదానికి వేరే పుల్లతో కలిపి, పలకను అటూ ఇటూ మెల్లగా వంచుతారు. ఎ వర్గం వారి రక్తం మొదటి చుక్కలో మాత్రమే విరిగిన పాలలా గింజకడుతుంది; రెండో చుక్క నున్నగా ఉండిపోతుంది. బి వర్గం వారిది ఇందుకు తారుమారు. ఎబి వారిది మాత్రం రెండు చుక్కల్లోనూ, దేనికదే స్పష్టంగా గింజకడుతుంది. మూడో చుక్క, పాజిటివా నెగెటివా తేల్చే ఆర్‌హెచ్‌కు సంబంధించినది. దాని జన్యువు వేరు కనుక ఈ చర్చలోకి తేవద్దు.

రెండు చుక్కలూ ఎందుకు విరిగాయో తెలియాలంటే కణం పైపొరను చూడాలి. ఎర్ర రక్తకణాల మీద హెచ్ అనే చక్కెరల గొలుసు ఒకటి ఉంటుంది. తొమ్మిదో క్రోమోజోము మీదున్న జన్యువు ఎ రూపంలో ఉంటే, అది తయారుచేయించే ఎంజైము ఆ గొలుసు చివర ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ అనే చక్కెరను తగిలిస్తుంది. బి రూపంలో ఉంటే గెలాక్టోజ్‌ను తగిలిస్తుంది. ఓ రూపం నుంచి పనిచేసే ఎంజైము రాదు కనుక హెచ్ గొలుసు ఉన్నది ఉన్నట్టుగా మిగిలిపోతుంది. తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి మరొక రూపం వచ్చిన ఎబి మనిషిలో రెండు ఎంజైములూ పనిచేస్తాయి. ఒకే కణం మీద కొన్ని గొలుసులకు ఒక చక్కెర, కొన్నింటికి మరొక చక్కెర చేరుతాయి. ఎ కణాలు కొన్ని, బి కణాలు కొన్ని ఉంటాయనుకోవడం పొరపాటు.

1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకటించిన వర్గాలు మూడే. ఎబి వర్గం 1902లో డెకాస్టెల్లో, స్టుర్లి చేతుల్లో బయటపడింది. సహబహిర్గతత్వానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ ఎంఎన్ రక్తవర్గం. 1927లో లాండ్‌స్టైనర్, లెవీన్ కనుగొన్న ఈ వ్యవస్థలో ఓ వంటి మూగ రూపం అడ్డురాదు కనుక, మనిషిలో ఎం ఒక్కటే ఉందా, ఎన్ ఒక్కటే ఉందా, రెండూ ఉన్నాయా అన్నది పరీక్షలోనే తెలిసిపోతుంది. జన్యురూపాన్ని, అంటే తల్లిదండ్రుల నుంచి ఏ రెండు రూపాలు వచ్చాయన్నదాన్ని, ఊహించే పని ఉండదు.

మూడో మెట్టు: కుటుంబం లెక్క వేయడం

తండ్రిది ఎ వర్గం, తల్లిది బి వర్గం అనుకుందాం. ఇద్దరి తల్లులూ ఓ వర్గం వారైతే, ఈ దంపతులిద్దరిలోనూ ఒక్కో ఓ యుగ్మవికల్పం దాగి ఉన్నట్టే. తండ్రి నుంచి ఎ గాని ఓ గాని, తల్లి నుంచి బి గాని ఓ గాని బిడ్డకు వస్తుంది. కాగితం మీద నాలుగు గళ్లు గీసి నింపితే ఎబి, ఎ, బి, ఓ నాలుగూ వస్తాయి. ప్రతి కాన్పులోనూ ఒక్కొక్కదానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఇక ఎబి వారికీ ఓ వారికీ పెళ్లయితే పిల్లలు ఎ గాని, బి గాని అవుతారు. సాధారణంగా ఇద్దరిలో ఎవరి వర్గమూ బిడ్డకు రాదు. "మా ఇద్దరిలో ఎవరి రక్తమూ రాలేదేమండీ" అని అడిగే దంపతులకు ఈ నాలుగు గళ్లే సమాధానం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. ఎబి తండ్రికి ఓ బిడ్డ అని కాగితంలో కనిపిస్తే, ఇంట్లో అనుమానాలు రేగకముందే పరీక్షను మళ్లీ చేయించాలి. మా బంధువుల ఇంట ఒకసారి ఇలాంటి కాగితమే వచ్చి రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి తేలింది, చీటీలు తారుమారయ్యాయని. పరీక్ష సరైనదే అయినా మరో దారి ఉంది. 1952లో వై.ఎం. భెండే బృందం ముంబైలో గుర్తించిన బాంబే రక్తవర్గం వారికి అసలు హెచ్ గొలుసే తయారు కాదు. గొలుసు లేకపోతే ఎ చక్కెరైనా బి చక్కెరైనా తగిలించడానికి చోటుండదు, కనుక మామూలు పరీక్షలో వారు ఓ లాగే కనిపిస్తారు. ఇది చాలా అరుదు; కాని లెక్క తప్పినట్టు కనిపించినప్పుడు మనుషులను అనుమానించే ముందు గుర్తుకు రావలసింది ఇదే.

నాలుగో మెట్టు: అసంపూర్ణ బహిర్గతత్వం నుంచి వేరుచేయడం

పరీక్ష పత్రాల్లో సహబహిర్గతత్వానికి ఉదాహరణగా గులాబీరంగు చంద్రకాంత పువ్వును రాసేవారు ఏటా కనిపిస్తారు. సాయంత్రం పూట పెరట్లో విచ్చే ఈ చంద్రకాంతలో ఎర్రపూల మొక్కను తెల్లపూల మొక్కతో సంకరం చేస్తే గులాబీరంగు పూల సంతతి వస్తుంది. అక్కడ ఎరుపూ లేదు, తెలుపూ లేదు. రెండింటి నడుమ రంగు ఒకటి ఉంది. ఇది అసంపూర్ణ బహిర్గతత్వం. డికాక్షన్‌లో పాలు కలిసిన తీరు ఇది. సహబహిర్గతత్వం పళ్లెంలో పక్కపక్కన పెట్టిన పసుపూ కుంకుమా వంటిది. దేనికది విడిగా కనిపించాలి.

నిష్పత్తిని చూసి తేల్చవచ్చునని కొందరు అనుకుంటారు. కుదరదు. గులాబీ చంద్రకాంతలను తమలో తాము సంకరం చేస్తే ఎరుపు, గులాబీ, తెలుపు 1:2:1గా వస్తాయి. ఎంఎన్ దంపతుల పిల్లల్లోనూ ఎం, ఎంఎన్, ఎన్ వర్గాలకు అదే 1:2:1 నిష్పత్తి. రెండు చోట్లా ఒకే నిష్పత్తి కనుక, విషమయుగ్మజ జీవిని, అంటే రెండు రూపాలూ ఉన్న జీవిని, దగ్గరగా పరీక్షించడం తప్ప దారి లేదు.

సంక్రాంతి రోజుల్లో మరో ఉదాహరణ కూడా నా దగ్గరకు వస్తుంది. నల్లటి, తెల్లటి ఈకలు కలగలిసిన పుంజును చూపించి "ఇది సహబహిర్గతత్వమే కదా" అంటారు. కాకి, డేగ, నెమలి, పర్ల అంటూ పందెగాళ్లు వివరంగా పిలిచే ఆ రంగులు ఒక్క జన్యువుతో వచ్చేవి కావు. అనేక జన్యువులు కలిసి ఆ ఈకలకు రంగులద్దుతాయి. ఒకే జన్యువు పనని సంకరాల ద్వారా రుజువైతే తప్ప కంటికి కనిపించే మచ్చలను ఉదాహరణగా తీసుకోకూడదు.

ఐదో మెట్టు: ఏ స్థాయిలో నిలబడి చూస్తున్నామో చెప్పడం

గోదావరి పాపికొండలు దాటి డెల్టాకు చేరకముందు మన్యంలో పారుతుంది. ఆ మన్యపు గిరిజన కుటుంబాల్లో కొన్నింటిని సికిల్ సెల్ జబ్బు పీడిస్తోంది. 2023 జూలై 1న దేశవ్యాప్తంగా మొదలైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఇలాంటి ప్రాంతాల కోసమే. ఈ జబ్బులో హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ రూపం వచ్చినవారిని వాహకులంటారు.

వాహకుల్లో ఈ జన్యువు సహబహిర్గతమా, అంతర్గతమా అంటే సమాధానం మీరు దేన్ని చూస్తున్నారన్న దాన్నిబట్టి మారుతుంది. జబ్బును చూస్తే, వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు కనుక అది అంతర్గతం. ఎర్రకణం ఆకారాన్ని చూస్తే, మామూలుగా గుండ్రంగా ఉండే కణాలు ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడు కొడవలిలా వంగుతాయి కనుక అది నడిమి స్థితి. రక్తం నుంచి హిమోగ్లోబిన్‌ను తీసి విద్యుత్ క్షేత్రంలో పరుగెత్తిస్తే మాత్రం రెండు పట్టీలు విడివిడిగా కనిపిస్తాయి. ప్రోటీన్ స్థాయిలో ఇది నూటికి నూరుపాళ్లు సహబహిర్గతత్వం. 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించినది ఈ సంగతే. ఆ రెండు పట్టీలూ సమానంగా ఉండవు. వాహకుల్లో మామూలు హిమోగ్లోబినే ఎక్కువ పాలు. అయినా సహబహిర్గతత్వానికి లోపం లేదు, ఎందుకంటే ఇక్కడ అడిగేది రెండూ బయటపడ్డాయా అనే గాని, ఎవరి వాటా ఎంత అని కాదు. వాటా సంగతి ఏడో మెట్టులో వస్తుంది. అక్కడ అదే ప్రధానం.

ఆరో మెట్టు: పట్టీలను చదవడం నేర్చుకోవడం

ఈ పట్టీల విద్య డెల్టా రైతు పొలం దాకా వచ్చింది. మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ వరి, అంటే ఎం.టి.యు. 7029, మన కాలువల కిందనే గాక తూర్పు భారతమంతటా పరుచుకుంది. ముంపును తట్టుకోకపోవడం దాని లోపం. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ అనే వరి నుంచి వచ్చిన, ముంపును తట్టుకునే శక్తినిచ్చే సబ్-1 జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు స్వర్ణలోకి చేర్చారు. స్వర్ణ సబ్-1 పేరుతో ఆ రకం 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా పూర్తిగా నీట మునిగినా అది తిరిగి కోలుకోగలదు.

ఈ పనిలో డీఎన్‌ఏ గుర్తులు, అంటే కావలసిన జన్యువు జాడ చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, వాడతారు. ఒక వరస మొక్కల ఆకుల నుంచి డీఎన్‌ఏ తీసి జెల్ అనే జిగురు పలక మీద విద్యుత్తుతో పరుగెత్తిస్తే, సహబహిర్గత గుర్తు ఉన్న చోట మూడు రకాల వరుసలు కనిపిస్తాయి: స్వర్ణ పట్టీ ఒక్కటే ఉన్నవి, దాత (సబ్-1 ఇచ్చిన రకం) పట్టీ ఒక్కటే ఉన్నవి, రెండు పట్టీలూ ఉన్నవి. దాత పట్టీ ఉందో లేదో మాత్రమే చెప్పే గుర్తైతే, స్వర్ణతో మళ్లీ మళ్లీ సంకరం చేసే దశలో ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అక్కడ దాత పట్టీ కనిపించిన మొక్కలన్నీ విషమయుగ్మజాలే. చివరగా మొక్కను స్వపరాగ సంపర్కానికి వదిలినప్పుడే చిక్కు వస్తుంది. అప్పుడు సబ్-1 రెండు ప్రతులూ ఉన్న మొక్కను, ఒక్క ప్రతి ఉన్న మొక్క నుంచి వేరుచేయాలి. లేకుంటే విత్తనం తరువాతి తరంలో చీలిపోయి, పొలంలో కొన్ని దుబ్బులు మునిగి చస్తాయి. రెండు పట్టీలనూ చూపించే గుర్తు అక్కడ అక్కరకొస్తుంది. జెల్ చదివేటప్పుడు తల్లిదండ్రులిద్దరి నమూనాలనూ మొదటి రెండు గదుల్లో తప్పక పెట్టండి. అవి లేకుండా ఏ పట్టీ ఎవరిదో చెప్పడం ఊహాగానమే.

ఏడో మెట్టు: మడ అడవిలో సహప్రాబల్యాన్ని కొలవడం

ఇక్కడ మనం రెండో అర్థంలోకి అడుగుపెడుతున్నాం. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. గౌతమి పాయ ముఖద్వారం దగ్గరి ఈ అడవిలో నల్లమడ, తెల్లమడ, తిల్ల, పొన్న, గుగ్గిలం, కళింగ వంటి చెట్లు కలిసి పెరుగుతాయి. ఒక చోట ఒకే జాతి మిగతావాటిని మించిపోతే దాన్ని ప్రబలజాతి అంటాం; రెండు మూడు జాతులు దాదాపు సరిసమానంగా పైచేయి సాధిస్తే అవి సహప్రబల జాతులు.

దూరం నుంచి పడవలో చూసి తేల్చేయడం అందరూ చేసే తప్పు. తిల్ల ఆకు రాలే ముందు ఎర్రబడుతుంది. ఆ రోజుల్లో వెళ్లినవాడికి అడవంతా తిల్లే అనిపిస్తుంది. కనుక కొలవాలి. అటవీశాఖ అనుమతి తీసుకుని, సముద్రం పాటు మీదున్నప్పుడు వెళ్లి, పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల గళ్లు తాడుతో గుర్తించండి. ప్రతి గడిలో ప్రతి చెట్టు పేరు రాసుకుని, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కాండం చుట్టుకొలత తీసుకోండి. పొన్న చెట్టుకు ఊతవేళ్లు ఎత్తుగా దిగుతాయి కనుక, అన్నిటికన్నా పైనున్న ఊతవేరుకు 30 సెంటీమీటర్ల పైన కొలవాలి. మడ చెట్ల చుట్టూ మేకుల్లా పైకి లేచిన ఊపిరివేళ్లను తొక్కకుండా నడవండి. తిల్ల కొమ్మ విరిస్తే వచ్చే పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కొలిచేవారు కళ్లద్దాలు పెట్టుకోవాలి.

చుట్టుకొలతను దానితోనే గుణించి, 12.57తో భాగిస్తే కాండపు అడ్డుకోత వైశాల్యం వస్తుంది. 40 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చెట్టుకు ఇది సుమారు 127 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు ప్రతి జాతికి మూడు శాతాలు కట్టాలి: మొత్తం చెట్లలో దాని శాతం, అన్ని జాతులూ కనబడిన గళ్ల లెక్కల మొత్తంలో దాని శాతం, మొత్తం కాండ వైశాల్యంలో దాని శాతం. మూడింటినీ కూడితే ప్రాముఖ్య విలువ వస్తుంది. అన్ని జాతులవీ కలిపి 300 కావాలి. 1951లో కర్టిస్, మెకింటోష్ వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది.

లెక్క తీరు తెలియడానికి నేను కల్పించిన అంకెలతో ఒకటి వేద్దాం. పది గళ్లలో 200 చెట్లున్నాయి: నల్లమడ 70, తిల్ల 80, గుగ్గిలం 40, పొన్న 10. అవి వరుసగా 9, 8, 5, 3 గళ్లలో కనిపించాయి, మొత్తం 25. వాటి కాండ వైశాల్యాలు 0.90, 0.80, 0.10, 0.20 చదరపు మీటర్లు, మొత్తం 2. నల్లమడకు 35, 36, 45 కలిపి 116. తిల్లకు 40, 32, 40 కలిపి 112. గుగ్గిలానికి 45, పొన్నకు 27. ఈ చోట నల్లమడ, తిల్ల సహప్రబల జాతులని రాయవచ్చు. గుగ్గిలం చెట్లు నలభై ఉన్నా అవి సన్ననివి కనుక వెనకబడ్డాయి; తలలు లెక్కపెట్టి ఊరుకుంటే ఈ సంగతి తెలియదు.

ఎంత దగ్గరగా ఉంటే సహప్రాబల్యం అనాలో అందరూ ఒప్పుకున్న గీత లేదు. అమెరికాలో చిత్తడి నేలల సర్వేల్లో వాడే 50/20 నియమం ఒక దారి చూపుతుంది. జాతులను పెద్ద వాటా నుంచి వరుసలో పెట్టి, కూడిక 50 శాతం దాటేదాకా వచ్చినవాటినీ, అవి గాక విడిగా 20 శాతం ఉన్నవాటినీ ప్రబలజాతులుగా లెక్కిస్తారు. మన లెక్కలో కాండ వైశాల్యం ప్రకారం 45కు 40 కూడితే 85, రెండే నిలుస్తాయి. ఏ నియమం వాడినా దాన్ని నివేదికలో రాయడం నా దృష్టిలో తప్పనిసరి.

ఎనిమిదో మెట్టు: కలగాపులగపు సగటును పట్టుకోవడం

ఉప్పుటేటి ఒడ్డున ఒక జాతి, లోపలి గట్టినేల మీద మరొక జాతి విడివిడిగా గుంపుకట్టిన చోట, ఆ రెండు చోట్లలోని గళ్లనూ కలిపి సగటు తీస్తే అవి సహప్రబల జాతులుగా కనిపిస్తాయి. నిజానికి అక్కడ ఒకదాని పక్కన ఒకటిగా రెండు వేర్వేరు సముదాయాలున్నాయి. కనుక ఒడ్డుకు అడ్డంగా లోపలికి ఒక గీత పట్టుకుని, దాని వెంట గళ్లు వేసి, ఒక్కో గడి లెక్కను విడిగా చూడండి. ఎక్కువ గళ్లలో రెండు జాతులూ కలిసే ఉంటేనే సహప్రాబల్యం. ఉప్పదనం, నీరు నిలిచే వ్యవధి మారిన చోట గీతను తుంచి వేరే సముదాయంగా రాయాలి.

తొమ్మిదో మెట్టు: తోటలో వినిపించే మరి రెండు వాడుకలు

అటవీశాస్త్రంలో ఈ మాట ఒక్కో చెట్టు తల గురించి వస్తుంది. చుట్టుపక్కల తలలన్నిటితో సమంగా నిలిచి, పైనుంచి వెలుతురు పూర్తిగా అందుతూ, పక్కల నుంచి అంతగా అందని చెట్టును సహప్రబలమంటారు. ఒకే ఏట నాటిన కోనసీమ కొబ్బరితోటలో దాదాపు చెట్లన్నీ ఈ తరగతివే. వాటి నీడన పెంచే కోకో, కంద ఈ లెక్కలోకి రావు. అవి కింది అంతస్తు పంటలు.

చివరి వాడుక ప్రాణాల మీదికి తెచ్చేది. కాలువగట్ల మీది నిద్రగన్నేరు, మామిడి వంటి చెట్లకు ఒకే చోటి నుంచి ఒకే లావుతో రెండు కాండాలు లేస్తే వాటినీ సహప్రబల కాండాలంటారు. ఆ పంగ యూ ఆకారంలో వెడల్పుగా ఉండి, మధ్యలో బెరడు గట్టులా పైకి ఉబికి ఉంటే భయం లేదు. ఇరుకైన వీ ఆకారంలో ఉండి, బెరడు రెండు కాండాల నడుమ లోపలికి మడతపడిపోతే, అక్కడ కొయ్యకు కొయ్య అతకదు. తుఫాను గాలికి ఆ చెట్టు నిట్టనిలువునా చీలుతుంది. మొక్క చిన్నదిగా ఉన్నప్పుడే రెండింటిలో బాగున్న కాండాన్ని ఉంచి, రెండోదాన్ని ఏటా కొంత కొంత కత్తిరిస్తూ వెనక్కి తగ్గించండి. చెట్టు ముదిరాక మాత్రం సొంతంగా నరకబోకుండా, కింద రోడ్డు గాని ఇల్లు గాని ఉంటే తెలిసినవారిని పిలిపించి, వానాకాలపు గాలులు మొదలుకాకముందే బరువు తగ్గించుకోవాలి.